మన త్రోవ, వాటి యిల్లు



శ్రీశైల మల్లన్నను దర్శించుటకై మన హైదరాబాదునుండి పోవు కుటుంబములు నేడు పెక్కు సొంత కార్లలోనే పోవుచున్నవి. పాతబస్తీ విడిచి, చాంద్రాయణగుట్ట దాటి, దక్షిణముగా సాగు నీ త్రోవ సుమారు 215 కిలోమీటర్లు. పులిహోర కట్టుకొనుట, పిల్లల బట్టలు సర్దుట, పూజాద్రవ్యములు మరువకుండుట యను పనులయందు మనకు గల శ్రద్ధ, నడుమ మనము ప్రవేశింపనున్న యొక యింటి మర్యాద తెలిసికొనుటయందు లేదు. ఆ యిల్లు నల్లమల. దుప్పులు, కణుజులు, కొండముచ్చులు, ఎలుగుబంట్లు, చిరుతలు, పెద్దపులులు ఆ యింటివారు.

మన్ననూరు తనిఖీద్వారము దాటినది మొదలు కృష్ణానది వరకు మనము పోవునది అమ్రాబాదు పులుల సంరక్షణక్షేత్రము. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్-శ్రీశైలము క్షేత్రమున నిది కృష్ణకు ఉత్తరపు భాగము. 2014లో రాష్ట్రము విభజింపబడిన పిమ్మట వేరు క్షేత్రమైనది. దీని వైశాల్యము 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటయే. నిజాము ప్రభువుల కాలమున ఫరహాబాదు కొండపై వేటవిడిది యుండెను. నాడు తుపాకితో వచ్చినవారి త్రోవలోనే నేడు మనము కేవలము చూచుటకు వచ్చుచున్నాము. ఇది సామాన్యమైన మార్పు కాదు.

సొంత వాహనమున మృగములను చూచుట యనగానే ఆఫ్రికాఖండము జ్ఞప్తికి వచ్చును. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయవనము 1926లో స్థాపింపబడెను. మరుసటి యేడు అందు ప్రవేశించిన కార్లు మూడే యట! నేడు లక్షలమంది పోవుచున్నారు. తమ కారును తామే నడుపుకొనుచు, ఏనుగులను, సింహములను, జిరాఫీలను దారిప్రక్కనే చూచుచున్నారు. అయినను ఆ స్వేచ్ఛకు కట్టుబాట్లు పెక్కు. ఉదయము తెరచిన ద్వారములు సాయంకాలము మూయబడును. తారుబాటపై గంటకు 50, మట్టిబాటపై 40 కిలోమీటర్లకు మించి పోరాదు. నియమించిన తావులందు తప్ప కారు దిగరాదు. కిటికీనుండి తల వెలికి పెట్టరాదు. ఏ జంతువునకును పిడికెడు మేత వేయరాదు. స్వేచ్ఛ యెంతయో నియమ మంతయు నుండుటచేతనే ఆ వనము నేటికిని వనముగా నున్నది.

మన నల్లమలలో అడవి లోపలి మట్టిబాటలకు సొంత కార్లను రానీయరు. ఫరహాబాదు కొండకొమ్మును చూడదలచినవారు అటవీశాఖవారి వాహనమున పోవలెను. సొంత కారున మనము పోదగినది శ్రీశైలపు రాజమార్గము. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు దానినిగూడ మూసివైతురు. ఆ తొమ్మిది గంటలును అడవి తన దారిని తాను దాటుకొను కాలము. మనకు దారి యైనది వాటికి వాకిలి గదా!

కావున చూడగోరువారు తెల్లవారుజామున బయలుదేరి, ద్వారము తెరచిన తోడనే ప్రవేశించుట మేలు. ఎండ ముదిరినపిమ్మట మృగములు నీడలకు చేరును. మొన్నటి వేసవి సెలవులలో మేము ఆ విధముగనే పోయితిమి. మావారు కారు మెల్లగా నడుపుచుండిరి. పిల్ల లిరువురు కిటికీలకు అంటుకొని యుండిరి. ముందుసీటున మా అత్తగారు. టేకులు ఆకు రాల్చి నిలిచి యుండెను. నల్లమద్దుల క్రింద, వెదురుపొదల నడుమ ఎండుటాకుల రంగు తప్ప మరేమియు తోపలేదు. చాలసేపటివరకు పిల్లలకు విసుగే మిగిలెను.

పెద్దపులి కొరకే వెదకు కన్నులకు అడవి శూన్యముగా తోచును. చూచుటయు నొక విద్యయే. మొదట కదలికను వెదకవలెను గాని రూపమును గాదు: ఒక చెవి యల్లాడుట, ఒక తోక లేచుట. కొండముచ్చు లున్న చెట్టు క్రింద చుక్కల దుప్పు లుండుట తరచు. అవి పైనుండి రాల్చిన చిగుళ్ళను, కాయలను ఇవి మేయును. కొండముచ్చు చెట్టుకొననుండి దూరము చూడగలదు. దుప్పి నేలమీద వాసన పసికట్టగలదు. పులియో చిరుతయో పొంచియున్నచో నొకటి యరచిన కేకకు రెండవది మేలుకొనును. ఇరుగుపొరుగు లెట్లుండవలెనో వాటిని చూచి నేర్చుకొనవచ్చును!

మా చిన్నదియే ముందుగా చూచెను. "అమ్మా, ఆ చుక్కలు కదలినవి!" అనెను. అంతవరకు ఎండపొడ లనుకొన్నవి పండ్రెండు దుప్పులై నిలిచెను. మావారు కారాపి యంత్రము నిలిపివేసిరి. తల్లిచాటునున్న యొక కూన మావైపు చూచి, ముంగాలు నేలకు తట్టి, మరల మేతకు వంగెను. అయిదు నిమిషములు కారులో నెవ్వరును మాటాడలేదు.

కాళిదాసుని శాకుంతలమున దుష్యంతుడు రథమెక్కి లేడిని తరుముచు రాగా, అది ఆశ్రమమృగమని మునులు వారించిరి. సార్వభౌముడయ్యు నాతడు బాణము నుపసంహరించెను. తపోవనమున ప్రవేశించునపుడు రథము దిగి వినీతవేషముతో నడచెను. నల్లమలలో మనము రథము దిగరాదు. కాని వేగము, హారను, కేకలు అను మన యాభరణములను విడువవచ్చును గదా. రామాయణమున సీతమ్మ బంగారులేడిని చూచి సంతోషించుటతో తృప్తిపడక, పట్టి తెమ్మని కోరుటవలన నెంత యనర్థము సంభవించెనో మనమెరుగుదుము. చూచుటతో తృప్తి చెందుటయే యడవికి మనము చేయు మర్యాద.

ఇంకొక ముఖ్యవిషయము. ఒక మలుపునొద్ద కోతుల గుంపు దారికిరువైపుల బారులు తీరి యుండెను. మా యత్తగారు ఇంటినుండి తెచ్చిన అరటిపండ్ల సంచి విప్పుచు, "అమ్మాయీ, అద్దము దింపు. ఆంజనేయస్వామి వంశము, నోరులేని జీవములకు పెట్టిన పుణ్యము" అనిరి. ఇంతలో మా యెదుటి కారునుండి యెవరో పండ్లు విసరిరి. పిల్లను కడుపున కరచుకొన్న యొక తల్లికోతి పండుకై దారి నడిమికి దూకెను. ఎదుటినుండి వచ్చు బస్సు కీచుమని యాగెను. జానెడు దూరమున తల్లియు, పిల్లయు బ్రతికెను.

దరినున్న అటవీశాఖ కావలివాడు, చెంచుజాతివాడు, మా కారు దగ్గరకు వచ్చెను. మా యత్తగారు "నాయనా, ఆకలిగొన్న వాటికి పెట్టుట పాపమా?" అని యడిగిరి. అతడు వినయముగా నిట్లనెను: "వాటికి అడవే పెడ్తదమ్మా. మీరు పెడితే రోడ్డు మీదికి వస్తయి. రోడ్డు మీదికొస్తే చస్తయి." ఆమె మారుమాటాడక సంచి మూతి బిగించి కట్టిరి. ఆ పండ్లు శ్రీశైలమున బీదలైన యాత్రికుల పిల్లలకు దక్కెను.

ఈ కావలివాని మాటయందు శాస్త్రమంతయు నున్నది. కోతి యడవిపండ్లను తిని, గింజలను దూరదూరముల వెదజల్లును. అందువలన చెట్లు మొలచును. దారిప్రక్క తేరతిండి మరిగిన కోతి ఆ పని మానును, భయము విడుచును, చేతిసంచులు లాగును, చక్రముల క్రింద పడును. మనము పారవేసిన ప్లాస్టిక్ సంచిలోని యన్నపువాసనకు దుప్పి సంచినిగూడ మ్రింగును. అది కడుపున కరుగక ప్రాణము తీయును. దయ యనుకొని చేసినది హింసగా పరిణమించుచున్నది.

నిజమైన దయ యెట్లుండునో చూడవలెనన్న మన పాతబస్తీలోనే సాక్ష్య మున్నది. మీరాలం చెరువుగట్టున 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాలను మనమందరము పిల్లలతో పలుమారులు చూచినవారమే. కుందేలంతటి మూషికజింక యను చిన్నమృగము మన యడవులందు అరుదగుచుండగా, అచట 2010 మొదలు శాస్త్రజ్ఞుల సాయముతో దానిని పెంచి, సంతతి వృద్ధి చేసిరి. ఆ సంతతిలో కొన్నిటిని 2017లో ఈ యమ్రాబాదు అడవిలోనే విడిచిపెట్టిరి. మనుష్యుల చేతిమేతకు మరుగకుండ తమంత తాము బ్రతుకుట నేర్పి పంపుటయే అందలి కష్టము. పెంచి, విడిచి, దూరముగా నిలిచి మేలు కోరుట, ఆడుబిడ్డలను అత్తవారింటికి పంపు మనకు తెలియని ధర్మము కాదు.

కావున సోదరీమణులు యాత్రకు పోవునపుడు నాలుగు మాటలు మనసున నుంచుకొందురుగాక. అడవిలో కారు మెల్లగా నడుపుమని మగవారిని హెచ్చరించుట మన పని. భోజనము మన్ననూరు చేరకముందే ముగించి, మిగిలినది మూత బిగించి, విస్తరి మొదలు సీసా వరకు చెత్త యంతయు తిరిగి యింటికి తేవలెను. పండు విసరరాదు, దిగి ఫొటోలకై వెంటపడరాదు. పిల్లలకు ముందుగనే చెప్పి యుంచవలెను: పులి కనబడకపోయినను అది మనలను చూచియే యుండవచ్చును, దాని యింట అది యున్నదను మాటయే మనకు చాలిన దర్శనము.

మల్లన్న చెంచుల యల్లుడని ప్రజలు చెప్పుకొందురు. అల్లుని దర్శనమునకు పోవుచు అత్తవారి యిల్లు పాడుచేసి పోవుట యే మర్యాద?