కొత్త డిస్కు, పాత ప్రతి

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితులు ఒక ప్రతి చేతికి రాగానే మొదట వేసుకొనే ప్రశ్న, 'దీనికి మాతృక ఏది?' అన్నది. మాతృక అంటే ఏ ప్రతిని చూచి ఈ ప్రతిని వ్రాశారో ఆ ప్రతి. ఆకులు ఎంత కొత్తవైనా, వ్రాత ఎంత ముచ్చటగా ఉన్నా, లేఖకుడు తప్పుల తడక వంటి మాతృకను ముందుంచుకొని వ్రాస్తే కొత్త ఆకుల మీదికి పాత తప్పులే దిగుతాయి. ఏళ్ల తరబడి తరగతి గదిలో ఈ మాట చెబుతూ వచ్చిన నేనే, నా లాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి దానిని మరచిపోయాను. 2025 డిసెంబరులో జరిగిన ఆ సంగతిని ఆధారం చేసుకొని, డిస్కు మార్చిన కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేటి స్థితికి ఎందుకు తేవాలో, ఎలా తేవాలో తెలుసుకొందాం.

నా లాప్‌టాప్ 2018లో కొన్నది. అందులోని హార్డ్ డిస్కు ఆ కాలంలో సాధారణంగా వచ్చే రకానికి చెందినది. దానిలో అయస్కాంత పూత గల పళ్లేలు నిమిషానికి 5400 సార్లు తిరుగుతూ ఉంటాయి. వాటి ఉపరితలాన్ని తాకకుండా, వెంట్రుకవాసి కంటే ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో, హెడ్ అనే చిన్న భాగం అటూ ఇటూ కదులుతూ సమాచారాన్ని వ్రాస్తుంది, చదువుతుంది. ఇంత సున్నితమైన అమరిక ఏడేళ్లు నడవడమే గొప్ప. కొన్నాళ్లుగా దానినుండి టిక్కు టిక్కుమనే చప్పుడు వినిపిస్తున్నది. ఒక ఫైలును తెరవాలంటే కాఫీ త్రాగి రావలసినంత సమయం పడుతున్నది. ఆ డిస్కులో నేను ఇరవై ఏళ్లుగా ప్రోగుచేసుకొన్న మనుచరిత్ర పదసూచిక ఉన్నది. అది పోతే మళ్లీ తయారుచేసే వయస్సు నాకు లేదు. అందువలన ఫైళ్లన్నింటిని వెంటనే ఒక బయటి డిస్కులోకి మార్చుకొని, పాత డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి.ని అమర్చుకొన్నాను. ఇందులో తిరిగే భాగాలు లేవు. సమాచారమంతా ఫ్లాష్ మెమరీ చిప్పులలో నిలువ ఉంటుంది. కనుక వేగమూ ఎక్కువ, చిన్నపాటి కుదుపులకు చెడిపోయే భయమూ తక్కువ.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే నిర్వహణ వ్యవస్థ. తెర, మీటల పలక, డిస్కు, నెట్‌వర్కు అనే అవయవాలన్నింటి చేత ఒద్దికగా పనిచేయించే మూల సాఫ్ట్‌వేరు అది. అది డిస్కులోనే నివసిస్తుంది. డిస్కును తొలగిస్తే అదీ వెళ్లిపోతుంది. దానిని కొత్త డిస్కులోకి చేర్చడానికి రెండు మార్గాలున్నాయి. పాత డిస్కుకు అక్షరం పొల్లుపోకుండా నకలు తీయడం మొదటిది. దీనిని క్లోనింగ్ అంటారు. పెన్‌డ్రైవ్‌లో ఉంచిన ఇన్‌స్టాలర్‌తో వ్యవస్థను కొత్తగా ఎక్కించడం రెండవది. పాత డిస్కు ఆరోగ్యంగా ఉంటే మొదటి మార్గమే సులభం. చెదలు తిన్న ఆకుకు నకలు వ్రాస్తే రంధ్రాలకు కూడా నకలు వస్తుంది. నా డిస్కు అటువంటిదే కాబట్టి నేను రెండవ దానిని ఎంచుకొన్నాను.

ఈ సందర్భంలో చాలామందికి ఒక సందేహం కలుగుతుంది. డిస్కు మారితే విండోస్‌ను మళ్లీ డబ్బు పెట్టి కొనవలసి ఉంటుందా? అవసరం లేదు. విండోస్ 8 కాలం నుండి, విండోస్‌తోపాటు అమ్మిన లాప్‌టాప్‌లలో దాని తాళంచెవి వంటి సంఖ్యను మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌లోనే ఉంచుతున్నారు. డిస్కు మారినా మదర్‌బోర్డు మారదు కదా! మొదట ఏ రకం విండోస్ వచ్చిందో, అంటే హోమా, ప్రొఫెషనలా అన్నది గమనించి, అదే రకాన్ని ఎక్కిస్తే ఇంటర్నెట్ అందగానే యంత్రం తన హక్కును తానే నిరూపించుకొంటుంది.

నా బీరువాలో విండోస్ 10 ఇన్‌స్టాలర్ గల పెన్‌డ్రైవ్ ఒకటి భద్రంగా ఉన్నది. వస్తువును పారవేయని మా తరం అలవాటు అది. దానితో అరగంటలో పని ముగిసింది. లాప్‌టాప్ మీట నొక్కిన కొద్ది క్షణాలకే తెర వెలిగింది. ఆనందంతో ఒక పద్యం టైపు చేద్దామని కూర్చొన్నాను. అయిదారేళ్లుగా నేను వాడుతున్న తెలుగు ఫోనెటిక్ కీబోర్డు జాబితాలో కనిపించలేదు. ఇంగ్లీషు అక్షరాలతో 'అమ్మ' అని కొడితే తెలుగులో 'అమ్మ' అని పడే సదుపాయం అది. ఎంత వెదకినా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు తప్ప మరొకటి లేదు. నేనే ఏదో పొరపాటు చేశాననుకొని ఒక పూటంతా వృథా చేసుకొన్నాను.

ఆ సాయంత్రం నా పూర్వవిద్యార్థి ఒకడు చూడవచ్చాడు. ఇప్పుడతడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. అతడు విండోస్ మీటను, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కి, వచ్చిన గడిలో డబ్ల్యు, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అనే ఆరు అక్షరాలు టైపు చేశాడు. తెర మీద 'వెర్షన్ 1809' అని కనిపించింది.

"మాస్టారూ, ఈ పెన్‌డ్రైవ్ ఎప్పుడు తయారుచేశారు?" అని అడిగాడు.

"నేను కాదు నాయనా, నువ్వే. 2019లో మా ఇంట్లోనే కూర్చొని చేసి ఇచ్చావు" అన్నాను.

అతడు కాసేపు మాట్లాడలేదు.

1809 అంటే 18వ సంవత్సరం, 9వ నెల అని గుర్తు. అంటే నా కొత్త డిస్కులో నివసిస్తున్నది 2018 నాటి కూర్పు. తెలుగు ఫోనెటిక్ కీబోర్డు విండోస్‌లోకి వచ్చింది 2019 మే నెల కూర్పుతో. నేను వెదకుతున్న వస్తువు ఆ కూర్పు నాటికి ఇంకా పుట్టనే లేదు. పాత డిస్కులోని విండోస్ ఏళ్ల తరబడి నెలనెలా సంస్కరణలు పొందుతూ వచ్చింది. ఆ సంస్కరణలన్నీ ఆ డిస్కుతోనే వెళ్లిపోయాయి. పెన్‌డ్రైవ్ మాత్రం తాను తయారైన నాటి పాఠాన్నే నమ్మకంగా అప్పగించింది. అంటే యంత్రం వేగంలో ముందుకు పోయి, కాలంలో ఏడేళ్లు వెనుకకు పోయింది.

కీబోర్డు లేకపోవడం చిన్న అసౌకర్యమే. అసలు ప్రమాదం వేరొకటి. లక్షల పంక్తులలో వ్రాసిన ఏ సాఫ్ట్‌వేరులోనైనా లోపాలు బయటపడుతూనే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రతినెలా రెండవ మంగళవారం, మన గడియారం ప్రకారం రాత్రి పొద్దుపోయాక, వాటికి సవరణలు విడుదల చేస్తుంది. సవరణ వెలువడిందంటే లోపం ఎక్కడున్నదో లోకానికి తెలిసిందన్నమాటే. దొంగలు కూడా ఆ లోకంలోని వారే. 2017 మార్చి 14న విండోస్‌లోని ఒక లోపానికి సవరణ వెలువడింది. సరిగా 59 రోజులకు, మే 12న, అదే లోపాన్ని వాడుకొని 'వాన్నాక్రై' అనే దుష్ట ప్రోగ్రాము విజృంభించింది. ఎవరూ ఏ మీటా నొక్కకుండానే అది ఒక కంప్యూటరు నుండి మరొక దానికి ప్రాకింది. ఫైళ్లను రహస్యలిపిలోకి మార్చివేసి, విడిపించడానికి డబ్బు అడిగింది. 150కి పైగా దేశాలలో యంత్రాలు దాని వాత పడ్డాయి. బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రులలో వైద్యసేవలు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకు కూడా ఆ బెడద తప్పలేదు. సవరణ చేసుకొన్న యంత్రాల జోలికి అది పోలేకపోయింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ దాడి తరువాత ఎవరైనా పాత డిస్కుతో విండోస్ 7ను కొత్తగా ఎక్కించుకొని ఉంటే, ఆ కొత్త వ్యవస్థలో పాత లోపం యథాతథంగా ఉండేది.

నిన్న ఎక్కించిన వ్యవస్థ నేటిదే అనుకోవడం కంటే పొరపాటు లేదు. అందుచేత ఆ రాత్రి నా శిష్యుడు పెట్టిన మొదటి ఆంక్ష, బ్యాంకు ఖాతా గాని, ఈ-మెయిలు గాని ఆ లాప్‌టాప్‌లో తెరవకూడదని. 1809 కూర్పుతో వచ్చే పాత ఎడ్జ్ బ్రౌజరుకు 2021 మార్చిలోనే మద్దతు నిలిచిపోయింది. ఇంటిలోని రౌటరు బయటి దాడులను కొంతవరకు అడ్డుకొంటుంది కాని, మనంతట మనమే తలుపు తీసి పిలిచే అతిథులను అది ఆపలేదు.

తరువాత అతడు గడియారం చూశాడు. నా చేతి గడియారం కాదు, లాప్‌టాప్‌ది. డిస్కు మార్చేటప్పుడు బ్యాటరీ తీగను విప్పుతారు. అప్పుడు కొన్ని యంత్రాలలో తేదీ ఎప్పటికో వెనుకకు పోతుంది. అప్‌డేట్ సర్వరు తన గుర్తింపుగా ఒక ధ్రువపత్రాన్ని చూపుతుంది. ఆ పత్రానికి ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. లాప్‌టాప్ తాను 2018లో ఉన్నాననుకొంటే, నేటి పత్రాన్ని ఇంకా పుట్టనిదిగా భావించి తిరస్కరిస్తుంది. ఇంటర్నెట్ ఉన్నా నవీకరణ జరగక చాలామంది తల పట్టుకొనేది ఇక్కడే. తేదీ, కాలమండలం సరిచేస్తే చిక్కు విడిపోతుంది. వైఫై కూడా మొదట పనిచేయకపోవచ్చు. దాని డ్రైవరు ఇన్‌స్టాలర్‌లో లేకపోతే, సెల్‌ఫోనును తీగతో కలిపి దాని ఇంటర్నెట్‌ను వాడుకోవచ్చు. మేమూ అదే చేశాం.

ఆపైన సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పుటను తెరిచి, కొత్త నవీకరణల కోసం వెదకమని ఆజ్ఞ ఇవ్వాలి. వచ్చినవి ఎక్కిన తరువాత యంత్రాన్ని పునఃప్రారంభించి, మళ్లీ వెదకాలి. ఒకసారి అడిగి ఊరుకోరాదు. ఒక సవరణ ఎక్కిన తరువాతనే మరొకటి ఎక్కడానికి అర్హత వస్తుంది. విండోస్ 7 రోజులలో ఇవి వందల సంఖ్యలో విడివిడిగా వచ్చి ప్రాణం తీసేవి. విండోస్ 10 నుండి ప్రతినెల సవరణలోనూ అంతకు ముందరి వాటి సారమంతా కలిసి ఉంటుంది కాబట్టి ఆ బాధ చాలావరకు తగ్గింది. 1809 నుండి విండోస్ 10కి చివరి కూర్పు అయిన 22హెచ్2కు చేరేసరికి మాకు అర్ధరాత్రి దాటింది. ఫోనెటిక్ కీబోర్డు తిరిగి వచ్చింది.

ఇక నిద్రపోదామన్నాను. అతడు ఒప్పుకోలేదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంటే మేము చేరిన చివరి మెట్టు కూడా పాతబడినదే. తరువాతిది విండోస్ 11. విండోస్ అప్‌డేట్ ద్వారా దానికి వెళ్లాలంటే కనీసం 2004 అనే కూర్పు, అంటే 2020 నాటిది, ఉండాలి. 1809 నుండి ఆ దారిన నేరుగా ఎగబ్రాకడం కుదరదు. దానికి తోడు యంత్రానికి కొన్ని అర్హతలు కావాలి: 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. నిలువ, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు, సెక్యూర్ బూట్‌కు వీలు, ఆమోదిత ప్రాసెసర్. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదవ తరం నుండి ఆమోదించారు. నాది ఎనిమిదవ తరమే. ఒక్క ఏడాది ముందు కొని ఉంటే ఈ గడప దాటేది కాదేమో. అటువంటి యంత్రాలు గలవారికి మైక్రోసాఫ్ట్ ఒక సంవత్సరం భద్రతా సవరణల పొడిగింపును ప్రకటించింది. ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థను ఉచితంగా ఎక్కించుకోవడం మరొక దారి. చక్కగా పనిచేసే యంత్రాన్ని కేవలం చిప్పు తరం చూచి పక్కన పెట్టవలసి రావడం నాకు సమంజసంగా తోచలేదు. కాని నియమం అది.

మరునాటి మధ్యాహ్నానికి విండోస్ 11 ఎక్కింది. అప్పుడు నా శిష్యుడు నవ్వుతూ అసలు సంగతి చెప్పాడు. డిస్కు ఖాళీగా ఉన్నప్పుడు ఇంత తిరుగుడు అవసరమే లేదట. 8 జి.బి. పెన్‌డ్రైవ్ ఒకటి, ఇంటర్నెట్ గల మరొక కంప్యూటరు ఒకటి ఉంటే చాలు. మైక్రోసాఫ్ట్ వారి వెబ్‌సైటు నుండి మీడియా క్రియేషన్ టూల్ అనే ఉపకరణాన్ని దింపుకొని, ఆనాటి తాజా ఇన్‌స్టాలర్‌ను ఆ రోజే తయారుచేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో అంతకు ముందున్నదంతా చెరిగిపోతుంది కనుక ఖాళీది తీసుకోవాలి. అలా చేసి ఉంటే ఏడేళ్ల దూరం బదులు కొన్ని వారాల దూరం మాత్రమే మిగిలేది. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు అప్పటికే ఎక్కించేశారు కదా మాస్టారూ, మెట్లు ఎన్నున్నాయో మీకు తెలుస్తుందని" అన్నాడు. నేను నేర్పిన విద్యే.

ఫైళ్లను తిరిగి చేర్చడం అన్నింటికంటే చివర చేయవలసిన పని. వ్యవస్థ తాజా అయిన తరువాత, బయటి డిస్కును వైరస్ పరీక్ష చేసి, అప్పుడు నకలు చేసుకొన్నాను. పదసూచికలోని తొలి భాగాన్ని తెరిస్తే గుండె ఆగినంత పనైంది. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, వింత గుర్తులు! యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించినా, మా వంటివారు చాలాకాలం ముద్రణాలయాల ఫాంట్లలోనే టైపు చేశాం. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు బొమ్మలను నిలుపుకొన్నవి. ఫాంటు లేనిచోట వేషం తొలగి లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. ఫైలు చెడలేదు. ఆ ఫాంట్లను మళ్లీ ఎక్కించగానే తెలుగు తిరిగి వచ్చింది. డిస్కు మార్చబోయే తెలుగువారు పత్రాలతోపాటు ఫాంట్లను కూడా ముందుగానే దాచుకోవాలి. అట్లే, కొన్ని లాప్‌టాప్‌లలో డిస్కు గూఢలిపిలో ఉంటుంది. దాని 48 అంకెల రికవరీ కీని ముందే వ్రాసిపెట్టుకోకపోతే, బయటకు తీసిన డిస్కు మన డిస్కే అయినా మనకు తలుపు తీయదు.

పాత డిస్కును నేను వెంటనే పారవేయలేదు. అన్ని ఫైళ్లూ వచ్చాయని తేలేవరకు, ఒక రెండు నెలలపాటు, దానిని ఎడమచేతి సొరుగులో ఉంచాను. పాత సామానుల వానికి ఇవ్వడానికి మాత్రం మనసొప్పలేదు. ఫైళ్లను తొలగించినంత మాత్రాన అవి డిస్కు నుండి పూర్తిగా చెరిగిపోవని అప్పటికి తెలిసింది. మొత్తాన్ని తిరగవ్రాసి చెరిపే ప్రోగ్రాములున్నాయి. నా డిస్కు వాటిని కూడా సగంలోనే ఆపివేసింది. చివరకు మేకు, సుత్తి తీసుకొని పెరటిలో కూర్చోవలసి వచ్చింది.