క్యాన్సర్‌పై విద్యుత్ క్షేత్రం – మేలుకొనే రోగ నిరోధక శక్తి

కరెంటు అనగానే మనకు బావి మోటారు, బల్బు, ముట్టుకుంటే కొట్టే షాకు గుర్తుకొస్తాయి. అదే విద్యుత్తు క్యాన్సర్ రోగికి ఎలా తోడ్పడుతుందో బయ్యారం హాస్టల్ విద్యార్థులమైన మేము ఇక్కడ వివరిస్తున్నాము.

క్యాన్సర్ అంటే అదుపులేని కణ విభజన. దానిని మందుతో అడ్డుకోవచ్చని చూపిన తొలి మందుల్లో అమినోప్టెరిన్ ఒకటి. భీమవరంలో 1895లో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో దీనిని తయారుచేసింది. రక్త క్యాన్సర్ పిల్లల్లో కొందరికి దీనితో తాత్కాలికంగా వ్యాధి తగ్గిందని 1948లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. అయితే ఇలాంటి మందులు ఒళ్ళంతా తిరిగి, ఎముక మూలుగలో పుట్టే తెల్ల రక్తకణాలనూ దెబ్బతీస్తాయి. శత్రువుతోపాటు మన కాపలాదారులూ నష్టపోతారన్నమాట.

విద్యుత్ క్షేత్ర చికిత్స దారి వేరు. దీనిని రూపొందించింది ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యోరామ్ పాల్టీ. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌కు అమెరికాలో 2011లో అనుమతి లభించింది. గుండు చేసిన తలపై పట్టీలు అతికించి, వెంట మోసుకెళ్ళే చిన్న యంత్రంతో రోజుకు సుమారు 18 గంటలు క్షేత్రాన్ని పంపుతారు. మన ఇంటి కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్ కాగా, మెదడుకు వాడే ఈ క్షేత్రానిది 2 లక్షల హెర్ట్జ్. అంత వేగానికి నరాలు, కండరాలు స్పందించవు కనుక షాకు కొట్టదు.

కణ విభజన పాఠంలో కండె పోగులు చదివాం కదా! అవి ట్యూబులిన్ అనే ప్రోటీన్‌తో ఏర్పడతాయి. ట్యూబులిన్‌కు ధన, రుణ కొసలుంటాయి. దిశ మారుతూనే ఉండే క్షేత్రంలో అది వరుసలో కుదురుకోలేదు. విభజన తప్పి కణం చనిపోతుంది.

ఆ చావు ఊరికే పోదు. దెబ్బతిన్న కేంద్రకంలోని డి.ఎన్.ఏ. ముక్కలు కణద్రవ్యంలోకి వస్తాయి. కణం దానిని ప్రమాదంగా గుర్తించి ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరికను విడుదల చేస్తుంది. 2022లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని వివరించారు. చనిపోతున్న కణం పైపొరపై కాల్‌రెటిక్యులిన్ కనిపిస్తుంది. అది చూసి డెండ్రిటిక్ కణాలు దానిని మింగి, శత్రువు ఆనవాలును టి కణాలకు చూపుతాయి.

టి కణాలూ విభజన చెందుతాయి కదా, వాటికి హాని లేదా? ప్రయోగశాలలో వాటి విభజన తగ్గినా, శత్రువును చంపే శక్తి నిలిచే ఉంది. పైగా క్షేత్రం పట్టీలు వేసిన చోటికే పరిమితం.

276 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. రోగ నిరోధక శక్తిని పెంచే మందులు వాడినవారిలో మధ్యస్థ జీవితకాలం 10.8 నెలలు కాగా, క్షేత్రం కూడా తోడైనవారిలో 18.5 నెలలు.

ఇది పూర్తిగా నయం చేసే చికిత్స కాదు, ఇతర వైద్యానికి తోడు మాత్రమే. ఖర్చూ ఎక్కువే. సొంతంగా ఒంటికి కరెంటు పెట్టుకోవడం ప్రాణాంతకం. మన చేతిలో ఉన్నది పొగాకు, గుట్కా మానడం. వారాలు గడిచినా మానని నోటి పుండు, తగ్గని గడ్డ ఉంటే దాచుకోకుండా సర్కారు దవాఖానకు వెళ్ళాలి. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఈ మాట మన ఇంట్లోవాళ్ళకు మనమే చెప్పాలి.