పాత లోగిళ్ళ మధ్య ఒక ఉదయం

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళికి చీరాల వెళ్ళాం. ముహూర్తం రాత్రికి. పగలంతా విడిదిలో కూర్చుని ఏం చేస్తాం? "పక్కనే వేటపాలెం, వెళ్ళొద్దాం పద వదినా. జీడిపప్పు తెచ్చుకోవచ్చు" అంది మా ఆడపడుచు. నిజం చెప్పొద్దూ, నేను బయలుదేరింది జీడిపప్పు కోసమే. తిరిగి వచ్చేటప్పటికి మాత్రం మనసు నిండా ఇళ్ళే.

వేటపాలెం ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 2022 దాకా ప్రకాశం జిల్లా, అంతకు ముందు గుంటూరు జిల్లా. జిల్లాలు మారినా ఊరి పనులు మారలేదు. ఒక వీధిలో మగ్గాల చప్పుడు, ఒక వీధిలో జీడిపప్పు వలిచే ఆడవాళ్ళ కబుర్లు. నేతపని వారి ఇంట్లో ముందుగదిలోనే గుంట మగ్గం ఉంటుంది. నేసేవారు గుంటలోకి కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు. అంటే ఆ ఇంట్లో మగ్గమే యజమాని, మనుషులు మిగిలిన చోటులో సర్దుకుంటారన్నమాట!

ఇంకొంచెం ముందుకు నడిస్తే పెద్ద ఇళ్ళు కనిపించాయి. వీధి పొడుగునా అరుగులు, అరుగుల మీద స్తంభాలు, చెక్కడపు ద్వారబంధాలు. ఒక అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న పెద్దావిడ, మేము తేరిపార చూడడం గమనించి, "బయట నిలబడి ఏం చూస్తారమ్మా, లోపలికి రండి" అన్నారు.

మండువా లోగిలి అంటే మనలో చాలామందికి సినిమాల్లో చూసిందే. దాని కిటుకేమిటో ఆ రోజు నాకు అర్థమయింది. ఇంటి నడిమధ్య కప్పు ఉండదు. నాలుగు వైపుల పెంకుటి కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. వాన పడితే నాలుగు ధారలూ మధ్యనున్న పల్లపు చోటులోకి దిగి, తూము గుండా బయటకు పోతాయి. ఎండాకాలంలో లోపలి వేడిగాలి అక్కడి నుంచే పైకి పోతుంది. దానికి తోడు మందపాటి గోడలు, గానుగ సున్నం పూత. అందుకే మిట్టమధ్యాహ్నం కూడా ఆ చావడిలో చాప వేసుకుని నిద్రపోవచ్చు. మనం ఇప్పుడు ఆ చల్లదనం కోసమే నెలనెలా కరెంటు బిల్లు కడుతున్నాం.

"అంత గొప్పగా ఉందా?" అని ఆవిడ నవ్వారు. "నేను కాపురానికి వచ్చిన కొత్తలో వీధి అరుగు మీద కూర్చునే హక్కు ఆడవాళ్ళకు లేదమ్మా. ఆకాశం చూడాలంటే ఈ మండువాలోనే." ఆ మాట గుచ్చుకుంది. ఈ ఇళ్ళ అందాన్ని చెప్పుకునేటప్పుడు, ఆ గచ్చు తుడిచిన చేతుల్నీ, నూతినీళ్ళు తోడిన భుజాల్నీ మరచిపోకూడదు. అయితే ఆ శ్రమ కూడా ఆ గోడల్లోనే ఉంది కదా! ఇల్లు పోతే ఆ ఆనవాలూ పోతుంది.

పాత ఇల్లు నిలబెట్టడం ఎట్లా అని అడిగాను. "ఏటేటా వానలకు ముందు పెంకులు నేయించాలి. ఒక్క పెంకు కదిలితే నీరు వాసంలోకి దిగుతుంది, తరువాత దూలంలోకి. చెద పడితే ఇక చెప్పేదేముంది" అన్నారు. సున్నపు గోడకు సిమెంటు పూయించడం మరో పొరపాటు. సున్నం తేమను బయటకు వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. పైకి నున్నగా కనిపిస్తూ గోడ లోపల గుల్లవుతుంది.

చివరకు ఆవిడ, "మీ పుట్టింటి ఇల్లు ఉందా అమ్మా?" అని అడిగారు. నాకు జవాబు రాలేదు. మా అమ్మమ్మగారి లోగిలిని ఇరవై ఏళ్ళ కిందట అమ్మేశారు. టేకు స్తంభాలు, తలుపులు ఒక వ్యాపారి బండి కట్టించుకు పోయాడు. కాగితాల మీద వాటాదారుల సంతకాల్లో నాదీ ఒకటి. "పాడుపడిన కొంప, ఎవరు చూస్తారు?" అని నేనూ అన్నాను. ఆ ఇంటి ఫోటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు.

అక్కడి నుంచి సారస్వత నికేతనానికి వెళ్ళాం. 1918లో ఊటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు స్థాపించిన గ్రంథాలయం ఇది. 1929లో గాంధీజీ ఈ ఊరు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్రను ఇప్పటికీ భద్రంగా దాచారు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటి పాత పత్రికల సంపుటాల కోసం దూరదేశాల నుంచి కూడా పరిశోధకులు ఇక్కడికి వస్తారు. ఇంటింటి సంపదా ఆ ఇంటి వారితోనే చెదిరిపోవచ్చు. ఊరందరికీ పంచిన ఈ సంపద మాత్రం నూరేళ్ళు దాటి నిలిచింది.

తమిళనాడులో కారైక్కుడి చుట్టుపక్కల చెట్టినాడు భవంతులదీ ఇటువంటి కథే. బర్మా వ్యాపారంతో, బర్మా టేకుతో లేచిన మేడలవి. 1942లో జపాను వారు బర్మాను ఆక్రమించడంతో ఆ వ్యాపారం దెబ్బతింది, ఎన్నో మేడలకు తాళాలు పడ్డాయి. యాత్రికులకు విడిదిగా మారినవి కొన్ని ఇప్పుడు కళకళలాడుతున్నాయి. ఉపయోగం ఉన్న ఇల్లు బతుకుతుంది, తాళం వేసిన ఇల్లు కూలుతుంది.

మీరు ఏ ఊరు వెళ్ళినా, గుడి చూశాక ఒక గంట పాత వీధుల్లో నడవండి. ఉదయం పూట అయితే అరుగుల మీద పెద్దవాళ్ళుంటారు, పలకరించండి. అనుమతి లేకుండా మాత్రం ఫోటో తీయకండి. మీ సొంత ఇల్లే అమ్మకానికి వస్తే, సంతకం పెట్టే ముందు ఒక్కసారి వెళ్ళి గదిగదీ చూడండి. ఎవరు ఏ గదిలో పుట్టారో, నూతి దగ్గర ఏ చెట్టుండేదో రాసి పెట్టండి. అమ్మక తప్పకపోవచ్చు. గుర్తు పెట్టుకోవడానికి మాత్రం ఏ వాటాదారుడూ అడ్డు చెప్పడు.

జీడిపప్పు తెచ్చారా అని అడుగుతారేమో! తెచ్చాం. పెళ్ళివారింట్లోనే సగం అయిపోయింది.