తొందరపడి పెంకు ఒలవకండి!

నందిగామ వైపు పల్లెల్లో నాటుకోడి పొదిగితే పిల్లల సంగతి తల్లే చూసుకుంటుంది. ఇంట్లో ఇంక్యుబేటర్ పెట్టామా, ఆ తల్లి మనమే! ఫ్యానున్న పెట్టెలో 37.5 డిగ్రీల వేడి ఉండాలి. 18వ రోజు దాకా గుడ్లను రోజూ కనీసం మూడుసార్లు తిప్పాలి. ఆపైన తిప్పొద్దు, తేమ పెంచాలి. కరెంటు పోయినా మూత తీయొద్దు.

21వ రోజుకి పెంకు పొడిచిన పిల్ల ఒక్కోసారి రోజంతా అలాగే ఉండిపోతుంది. అయ్యో పాపం అని ఒలిచారో, పొరలోని రక్తనాళాలు తెగి చచ్చిపోవచ్చు. ఆలోగా అది పచ్చసొనను పొట్టలోకి తీసుకుంటుంది. బయటికొచ్చాక రెండు రోజులు దానికి ఆ సొనే ఆహారం.

నీరసంగా ఉన్న పిల్లను తడి ఆరాక అట్టపెట్టెలో బల్బు వేడిన, గరుకు గుడ్డ మీద ఉంచండి. నున్నటి కాగితం మీదైతే కాళ్లు జారి పక్కలకు చాపుకుపోతాయి. ముక్కు కొసను గోరువెచ్చని నీళ్లలో తాకించండి. అది నిలదొక్కుకుని నూకలు ఏరుకుంటుంటే ఆ సంతోషమే వేరు!