వెలుగే కుంచె.. రంగులు మార్చే ‘ఊసరవెల్లి సిరా’

ఒకసారి రంగు వేసిన వస్తువుకు మరో రంగు కావాలంటే పాతది గీకి కొత్తది పూయాలి. లేదంటే కొత్త వస్తువే కొనుక్కోవాలి. ఈ రెండు శ్రమలూ లేకుండా, కేవలం కాంతిని ప్రసరింపజేసి అదే వస్తువుపై రంగులను, బొమ్మలను మార్చే విధానాన్ని అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) పరిశోధకులు రూపొందించారు. అయితే ఏ కాంతి ఆ రంగులకు ప్రాణం పోస్తుందో, ఆ కాంతే వాటిని చెరిపివేస్తుంది. ఈ విద్యకు బలమూ, బలహీనతా అదే.

పసుపు, సున్నం వంటిదే..

పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. అక్కడ ఎవరూ ఎర్ర రంగు కలపలేదు. సున్నం తగలగానే పసుపులోని రంగు అణువు రూపు మారి, మరో రంగులో కనిపిస్తుంది. నిమ్మరసం పిండితే తిరిగి పసుపు రంగు వచ్చేస్తుంది. సున్నం, నిమ్మరసం చేసే ఈ పనిని కాంతితో చేయించుకునే పదార్థాలనే ‘ఫొటోక్రోమిక్’ పదార్థాలు అంటారు.

ఎండలో ఆరేసిన చీర వెలిసిపోవడం వేరు, ఇది వేరు. చీర విషయంలో రంగు అణువు విరిగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. ఫొటోక్రోమిక్ అణువు విరగదు. తలుపు తెరిచి మూసినట్లుగా రెండు రూపాల మధ్య అటూ ఇటూ మారుతుంది. ఈ గుణాన్ని 1899లోనే జర్మనీ శాస్త్రవేత్త మార్క్‌వాల్డ్ వర్ణించారు. ఫొటోక్రోమిజం అనే పేరు మాత్రం 1950లో హిర్ష్‌బెర్గ్ అనే శాస్త్రవేత్త పెట్టారు.

కళ్లద్దాల్లో ఉన్నది ఒక రకం

పట్టణాల్లోని కళ్లద్దాల దుకాణాల్లో దొరికే, ఎండలోకి వెళ్లగానే నల్లబడే అద్దాలు ఈ కోవలోనివే. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు తాకితే వీటిలోని అణువులు రంగు తేలుతాయి. నీడలోకి రాగానే వాటంతట అవే మామూలు స్థితికి చేరుకుంటాయి. వెనక్కి మరల్చేది ప్రధానంగా వేడి. అందువల్లనే మండు వేసవిలో ఈ అద్దాలు చలికాలంలో నల్లబడినంతగా నల్లబడవు.

వస్తువుపై బొమ్మ నిలవాలంటే ఇలా తమంతట తాము వెనక్కి మళ్లే అణువులు పనికిరావు. వేడికి చెదరక, మరో కాంతి పడేవరకూ రంగును నిలుపుకునే రకం కావాలి. 1988లో జపాన్ శాస్త్రవేత్త మసాహిరో ఇరియే వెలుగులోకి తెచ్చిన డైఅరైల్‌ఈథీన్లు అనే పదార్థాలు అటువంటివి. వస్తువులపై కాంతితో రంగులు మార్చే ప్రయోగాలకు ఈ రెండో రకమే ఆధారం.

మూడు రంగులు.. మూడు కాంతులు

దినపత్రికలోని రంగుల పేజీ అంచున కనిపించే చిన్న చుక్కలను గమనించే ఉంటారు. సయాన్ (లేత నీలం), మెజంటా (గులాబీ ఎరుపు), పసుపు, నలుపు. ముద్రణాలయంలో ఈ నాలుగింటి కలయికతోనే అన్ని రంగులూ పుట్టిస్తారు. ఎంఐటీ బృందం వీటిలో మొదటి మూడు రంగుల ఫొటోక్రోమిక్ పదార్థాలను ఒకే సిరాలో కలిపి వస్తువుపై చల్లింది.

ముందుగా అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేస్తారు. దాంతో మూడు రంగులూ ఒక్కసారిగా తేలి వస్తువు ముదురు ఛాయకు మారుతుంది. తర్వాత ప్రొజెక్టర్‌తో అక్కర్లేని రంగులను చెరిపివేస్తారు. ఇక్కడే ఉంది అసలు కిటుకు. ఏ రంగు పదార్థమైనా తాను పీల్చుకునే కాంతికే లొంగుతుంది. సయాన్ ఎర్రటి కాంతిని పీల్చుకుంటుంది. కనుక ఎర్రటి కాంతి పడిన చోట సయాన్ మాయమై మెజంటా, పసుపు మిగులుతాయి. ఆ రెండూ కలిస్తే కంటికి ఎరుపే కనిపిస్తుంది. అలాగే ఆకుపచ్చ కాంతి మెజంటాను, నీలి కాంతి పసుపును చెరుపుతాయి. స్థూలంగా చెప్పాలంటే ఏ కాంతి పడితే ఆ రంగే మిగులుతుంది. ఏ కాంతిని ఎక్కడ ఎంతసేపు ప్రసరింపజేయాలో కంప్యూటర్ లెక్క కడుతుంది. బొమ్మ నచ్చకపోతే మళ్లీ అతినీలలోహిత కాంతితో మొదటికి తేవచ్చు.

తగ్గుతూ వస్తున్న సమయం

ప్రొఫెసర్ స్టెఫనీ ముల్లర్ నేతృత్వంలోని ఈ బృందం తొలుత 2018లో ‘కలర్‌ఫ్యాబ్’ పేరిట 3డి ప్రింటర్‌పై తయారైన వస్తువుల రంగు మార్చి చూపింది. అప్పట్లో రంగు మారడానికి సుమారు 20 నిమిషాలు పట్టేది. 2019లో వచ్చిన ‘ఫొటో-క్రోమీలియన్’ (ఊసరవెల్లికి ఆంగ్ల నామమైన క్యామీలియన్‌ను తలపించే పేరు) మూడు రంగుల సిరాను పరిచయం చేసింది. బొమ్మ కారు, బూటు, ఫోన్ తొడుగులపై నమూనాలు చూపారు. ఇందుకు 15 నుంచి 40 నిమిషాలు పట్టింది. 2021 నాటి ‘క్రోమోఅప్‌డేట్’ తెలుపు నలుపు నమూనాను క్షణాల్లో చూపగలిగింది. 2024లో ‘పోర్టాక్రోమ్’ పేరిట వస్తువుకే అమర్చే చిన్న దీపాల పరికరాన్ని తెచ్చి, రంగుల బొమ్మకు పట్టే సమయాన్ని కొద్ది నిమిషాలకు కుదించారు.

ఎండే అడ్డంకి

సూర్యకాంతిలో అతినీలలోహిత కిరణాలతో పాటు కంటికి కనిపించే రంగులన్నీ కలిసే ఉంటాయి. అంటే రాసేదీ, చెరిపేదీ రెండూ ఎండలోనే ఉన్నాయన్నమాట. ఈ సిరాతో వేసిన బొమ్మను ఆరుబయట ఉంచితే రంగులు చెదురుతాయి. ఇంట్లోని దీపకాంతికీ నెమ్మదిగా వెలుస్తాయి. పైన అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పూత పూస్తే కొంత రక్షణ దొరుకుతుంది గానీ, మళ్లీ బొమ్మ మార్చాలంటే ఆ పూతే అడ్డు నిలుస్తుంది. పైగా అనేకసార్లు మార్చిన కొద్దీ అణువులు అలసి రంగుల పస తగ్గుతుంది. రంగు కోసమే కొత్త వస్తువు కొని పాతది పారవేసే దుబారా తగ్గాలంటే ముందు ఈ చిక్కుముడి వీడాలి.

కొనేవారు గమనించాలి

కళ్లద్దాల విషయంలో ఈ శాస్త్రం ఇప్పటికే మన జేబుకు సంబంధించినది. కారు ముందు అద్దం అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. అందువల్ల మామూలు ఫొటోక్రోమిక్ అద్దాలు కారులో కూర్చుంటే అంతగా నల్లబడవు. పగలు కారు నడిపేవారు ఈ సంగతి దుకాణంలో ముందే అడిగి తెలుసుకోవడం మేలు. ఎండలో రంగు మారే టీషర్టులు, పిల్లల బొమ్మలు కూడా సాధారణంగా కళ్లద్దాల రకానివే. ఇంట్లోకి తెస్తే పాత రంగే మిగులుతుంది. అతినీలలోహిత దీపాలతో ఇలాంటి వస్తువులను పరీక్షించాలనుకునేవారు ఆ కాంతిని నేరుగా చూడరాదు. కంటికి హాని కలుగుతుంది.