మంచువేళ బడి ముంగిట

దివిసీమలోని కోడూరులో మార్గశిరము వచ్చినదనుటకు పంచాంగము చూడనక్కర లేదు. తెల్లవారుజామున కాలువగట్టు మీది తాడిచెట్లు నడుము దాక మంచులో మునిగి, తలలు మాత్రమే కానవచ్చుచుండును. కోతకు వచ్చిన వరిచేలలో రైతు ముందుగనే మినుములు చల్లియుండును. కూలికి పోవు తల్లులు చద్దిమూట కట్టుకొని, ఇంకను నిద్రమత్తు వదలని పిల్లలను పొరుగింటి ముసలమ్మకు అప్పగించి, వెలుగు రాకమునుపే చేలకు బయలుదేరుదురు. ఆ ముసలమ్మయే తల దువ్వి, జడ వేసి, పుస్తకాల సంచి భుజమునకు తగిలించి, వీధిలోని ఐదవ తరగతి పిల్లవానిని పిలిచి, “ఒరే అబ్బాయీ, చెల్లిని చెయ్యి పట్టుకుని తీసుకుపోరా, కాలువ వైపు పోనీకు” అని చెప్పి పంపును. కోతల నెలలో ఆ పిల్లలకు పగలంతయు తల్లి బడియే.

డెల్టా గ్రామములలో పని చేసిన ఉపాధ్యాయులెవరి నడిగినను ఈ ఋతువు కష్టమును చెప్పుదురు. పరిగె ఏరుటకని కొందరు, ఇంట చంటిబిడ్డను చూచుటకని పెద్దపిల్లలు కొందరు బడి మానుట ఇచట తరతరముల అలవాటు. కోతమిషన్లు వచ్చి కొడవలి పని తగ్గిన మాట నిజమే కాని, తల్లి కూలికి పోయిన యింట చంటిబిడ్డ సమస్య తగ్గలేదు. అట్టి యింటికి పంతులమ్మ స్వయముగా వెళ్లి, బిడ్డను ఎవరి కడ నుంచవచ్చునో ఆ వాడలోని వారితోనే మాట్లాడి, పెద్దపిల్లను వెంటబెట్టుకొని వచ్చుట ఏ నియమావళిలోను వ్రాయబడని ఉద్యోగధర్మము. అట్లు వచ్చిన పిల్ల వరండా మెట్ల మీద నీరెండలో కూర్చుండి, తప్పిపోయిన పాఠమును తోడి విద్యార్థిని నోట విని నేర్చుకొనును.

ఇక వంటపొయ్యి మాట. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము పెట్టవలెనని 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞాపింపగా, 2003 జనవరిలో మన రాష్ట్రమున ఆ ఏర్పాటు మొదలైనది. 2024లో దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిరి. గోదావరి తీరమున లంకల గన్నవరములో వేళగాని వేళ వచ్చిన వారికెల్ల అన్నము పెట్టి, 1909లో కన్నుమూసిన గృహిణి ఆమె. కృష్ణా లంకల పిల్లల కంచములకు ఇంతకన్న తగిన పేరు దొరకదు. వండి పెట్టు స్త్రీలు ఆ ఊరివారే, పెక్కుచోట్ల ఆ బడిపిల్లల తల్లులే. ఎవరు ప్రొద్దున ఏమియు తినక వచ్చిరో, ఎవనికి మంచుగాలికి దగ్గు పట్టినదో హాజరుపట్టీ కన్న ముందుగా వారికి తెలియును. తెలిసిన మీదట ఆ పిల్లవాని కంచములో చారు వేడిగా, మరి కొంచెము ఎక్కువగా పడును. 2019లో వారి గౌరవవేతనమును నెలకు 1000 రూపాయల నుండి 3000కు పెంచిరి. ఆ చేతుల పనికి ఆ మొత్తము చాలదని నా దృఢాభిప్రాయము.

బడి నిర్వహణ మాటకు వచ్చిన, 2009 నాటి విద్యాహక్కు చట్టము బడి యాజమాన్య సంఘమున ముప్పాతిక మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలు కావలెననియు విధించినది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతట ఒకే దినమున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు జరిగినవి. మంచి పనియే. అయినను ఇచటి తల్లులకు బడితో సంబంధము సమావేశము నాడు కలిగినది కాదు.

ఆ సంబంధమునకు మూలము మరియొక శీతకాలపు ముఖద్వారమున నున్నది. 1977 నవంబరు 19, శనివారము నాటి ఉప్పెన దివిసీమను ముంచి సుమారు 10,000 మందిని పొట్టన బెట్టుకొన్నది. అంతకు రెండేండ్ల క్రితము విద్యామంత్రిగా తొలి ప్రపంచ తెలుగు మహాసభలను నడిపించిన మండలి వెంకటకృష్ణారావు గారు, ఆ పిమ్మట ఈ సీమ పునర్నిర్మాణమునకు తమ్ము తాము అర్పించుకొనిరి. తీరము పొడవున తుపాను షెల్టర్లు లేచినవి. వానిలో అనేకములు మామూలు దినములలో పాఠశాలలు. వాయుగుండము పడిన రాత్రి సముద్రపు దిక్కు నుండి పిల్లాపాపలతో వచ్చిన వారు, పగలు తమ బిడ్డ ఎక్కములు వల్లించిన గదిలోనే చాప పరచుకొందురు. గాలి తగ్గిన మరునాడు ఆ గదిని కడిగి, బల్లలను యథాస్థానమున నిలిపి, ఉపాధ్యాయులకు అప్పగించువారును వారే. ఒక కట్టడము ఊరి ప్రాణమును ఒక రాత్రి కాచిన తరువాత, దాని పైకప్పు కారినను, ప్రహరీ కూలినను అది ప్రభుత్వపు గోడ అని ఎవరికి తోచును?

పుష్యమాసమున సంక్రాంతి సెలవులకు ముందునాడు బడి ముంగిట ముగ్గులు పడును, గొబ్బెమ్మలు వెలయును. చిన్నపిల్లల తలల మీద భోగిపండ్లు పోయుటకు నాయనమ్మలు రేగుపండ్లు, చెరుకుముక్కలు కొంగున కట్టుకొని వత్తురు. పండుగకు హైదరాబాదు నుండి, బెంగుళూరు నుండి వచ్చిన పూర్వవిద్యార్థులు తాము కూర్చున్న గదిని చూచిపోవుదురు. కొందరు ఫ్యానో, మంచినీటి కుండీయో ఇచ్చిపోవుదురు. అందరును వెళ్లిన మీదట గదులూడ్చి, తాళము వేసి, తాళపుచెవిని బడికి దగ్గరలోని వంటామె యింటి గూటిలో పెట్టుదురు. తుపాను హెచ్చరిక వచ్చినను, సెలవులు ముగిసినను, ఎవరైనను మొదట తట్టవలసినది ఆ యింటి తలుపే.