బీదరైతునకు న్యాయస్థానమున ఉచిత సహాయము

మన చిలకలూరిపేట ప్రాంతపు రైతు మిరప ఆకు ముడుచుకొనిన తీరును చూచి తెగులు పేరు చెప్పగలడు. పత్తికాయను చేతబట్టి లోపల పురుగున్నదో లేదో చెప్పగలడు. కాని కోర్టు బంట్రోతు తెచ్చి యిచ్చిన సమనును చేతబట్టినప్పుడు మాత్రము ఏమి చేయవలెనో తోచక దానిని చూరులో దోపి యూరకుండును. కోర్టులో ఓడినవాడు కోర్టులోనే యేడ్చెననియు, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చెననియు మనవారు సామెత చెప్పుదురు. వ్యాజ్యపు ఖర్చులను గూర్చి యీ మాట పుట్టినది. అది చాలవఱకు నిజమే. అయినను బీదవానికి ఆ ఖర్చు లేకుండ చేయు చట్టమొకటి మన దేశమున నున్నదని యెఱిగినవారు మిక్కిలి కొలది.

ఊరకుండుటవలన కలుగు నష్టమును మొదట చెప్పెదము. సివిలు దావాలో సమను అందిన 30 దినములలో ప్రతివాది జవాబు దాఖలు చేయవలెను. తగిన కారణము చూపినచో కోర్టువారు గడువును 90 దినములవఱకు పొడిగింపవచ్చును. ప్రతివాది హాజరు కాకున్నచో దావా యేకపక్షముగా డిక్రీ యగును. ప్రోనోటుపై అసలెంత, వడ్డీ యెంత, మధ్య చెల్లించిన దెంత యని అడుగువాడే యుండడు. అట్టి డిక్రీని రద్దుచేయించుకొనుటకు సామాన్యముగా 30 దినముల గడువే యుండును. ప్లీడరునకు ఇచ్చుటకు రూకలు లేక యింట కూర్చున్నవాని యెకరము ఈ విధముగా వేలమునకు వచ్చును.

బీదవానికి న్యాయసహాయము చేయవలెనను ఆలోచన నేటిది కాదు. 1876లో అమెరికాదేశపు న్యూయార్కు నగరమున, జర్మనీనుండి వలసవచ్చి మోసపోవుచున్న బీదలకొఱకు ఒక సంఘము ఏర్పడెను. భాష తెలియక, కూలి ఎగవేయబడి, దిక్కులేనివారికి ప్లీడరును చూపుటయే దాని పని. ఇంగ్లండులో 1949లో ఇందుకొఱకు చట్టము చేసిరి. మన రాజ్యాంగమున 1976వ సంవత్సరపు 42వ సవరణచే 39-ఏ అధికరణము చేర్చబడెను. దాని ననుసరించి 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము పుట్టి, 1995 నవంబరు 9వ తేదీనుండి అమలునకు వచ్చెను.

ఈ చట్టపు 12వ సెక్షను ప్రకారము ఉచిత సహాయమునకు అర్హులెవరనగా: షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, స్త్రీలు, పిల్లలు, అంగవైకల్యము గలవారు, వెట్టిచాకిరికి లోనైనవారు, వరద, కఱవు మొదలగు విపత్తులచే దెబ్బతిన్నవారు, కర్మాగార కార్మికులు, నిర్బంధములో నున్నవారు. వీరికి ఆదాయపు లెక్కతో పనిలేదు. తక్కినవారు ఆదాయము తక్కువగా నున్నచో అర్హులు. మన రాష్ట్రమున ఆ పరిమితి సాలుకు 3 లక్షల రూపాయలు. ఆదాయమును గూర్చి ప్రమాణపత్రము ఇచ్చినచో, అనుమానింప కారణము లేనప్పుడు అదియే చాలునని చట్టము చెప్పుచున్నది.

ఊరివాడై యుండవలెనను నిబంధన ఇందులో లేదు. ప్రతి సంవత్సరము మిరపకోతలకు కర్నూలు ప్రాంతమునుండి కుటుంబములతో వచ్చి మన చేలగట్లపై గుడారములు వేసికొను కూలీలను మన మెఱుగుదుము. పరరాష్ట్రములనుండి నూలుమిల్లులకు వచ్చు పనివారు నున్నారు. మేస్త్రీ కూలి మ్రింగి పోయినప్పుడు వారును మనవలెనే అర్హులు. వారికి ఈ సంగతి చెప్పదగినవారు మనమే. మన కాయ కోసిన చేతులకు కూలి దక్కకపోవుట మనకు గౌరవము కాదు.

పోవలసిన చోటు దూరము కాదు. చిలకలూరిపేట కోర్టులోనే మండల న్యాయసేవాధికార సంఘము కలదు. 2022లో మనము పల్నాడు జిల్లాలో చేరినను, గుంటూరులోని జిల్లా సంస్థను మనవారెల్ల రెఱుగుదురు. 15100 అను నంబరునకు టెలిఫోను చేసినను దారి చెప్పుదురు. చదువు రానివారు నోటితో చెప్పినచో అక్కడివారే అర్జీ వ్రాసికొందురు. అర్జీపై సాధ్యమైనంతవఱకు ఏడు దినములలో నిర్ణయము చేయవలెనని నియమము. అర్జీ మంజూరైనచో ప్లీడరును నియమించుటయే గాక కోర్టు రుసుము, సాక్షుల ఖర్చు, నకళ్ల ఖర్చుకూడ భరింతురు. అట్లు నియమింపబడిన ప్లీడరు కక్షిదారునియొద్ద ఏమియు పుచ్చుకొనరాదు. ఎవరైన అడిగినచో సంస్థకు తెలుపవలెను.

విత్తనపు మోసములను గూర్చి వేఱుగా చెప్పవలసియున్నది. మొలకెత్తని విత్తనమునకు రైతు వినియోగదారుడు కాడని పూర్వము కంపెనీలు వాదించెడివి. మన ఆంధ్రప్రదేశ్ రైతులు తెచ్చిన వ్యాజ్యములోనే 2012లో సుప్రీంకోర్టువారు ఆ వాదమును త్రోసివేసిరి. నేషనల్ సీడ్స్ కార్పొరేషనుకును మధుసూదనరెడ్డి మొదలగువారికిని జరిగిన వ్యాజ్యమది. కొన్న విత్తన మంతయు రైతు చల్లివేయును గాని పరీక్షకని దాచియుంచడు గదా యనికూడ అందు చెప్పబడినది. జిల్లా వినియోగదారుల కమిషనులో 5 లక్షల రూపాయలవఱకు గల కొనుగోళ్లకు దరఖాస్తు రుసుము లేదు. రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. కాబట్టి విత్తనపు సంచిని, బిల్లును పంట యింటికి చేరువఱకు భద్రపఱచుడు. పైరు చెడినచో వెంటనే వ్యవసాయాధికారికి వ్రాసియిచ్చి, చేను చూచి నివేదిక వ్రాయుమని కోరుడు. చేను దున్నివేసిన పిమ్మట రుజువు దొరకదు.

లోక్ అదాలతును గూర్చి ఒక హెచ్చరిక. అక్కడ రుసుము లేదు. కోర్టులో నున్న దావా రాజీయైనచో చెల్లించిన రుసుముకూడ తిరిగి వచ్చును. కాని అక్కడి తీర్పు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. అందుచేత రాజీపత్రమును చదివించుకొని, మొత్తమెంత, వాయిదాలెన్ని, తప్పినచో నేమగునో తెలిసికొనినగాని వ్రేలిముద్ర వేయరాదు. ఇష్టము లేనిచో నిరాకరించుటకు హక్కు కలదు. దావా మరల కోర్టునకే పోవును.

ఉచిత సహాయము అబద్ధమును నిజము చేయజాలదు. అర్జీదారుని పక్షమున వ్యాజ్యమునకు తగిన ఆధారము కనబడవలెనని చట్టమే చెప్పుచున్నది. మేము గ్రామములు తిరుగునప్పుడు కౌలుదారులను కాగితము గూర్చి యడిగినచో "అయ్యా, మా ఆసామి నోటిమాటే మాకు కాగితము" అందురు. ఆసామి మంచివాడే కావచ్చును. కాని ఆయన కాలము చేసిన పిమ్మట కుమారులు ఆ మాట వినియుండరు. విత్తుటకు ముందే కౌలుకాగితము, చెల్లించిన ప్రతి రూకకు రసీదు ఉంచుకొనుట మేలు.

సంఘముల కార్యదర్శులు 15100 నంబరును సంఘపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింతురుగాక. చదువు వచ్చిన సభ్యులు ఈ పుటను రాని వారికి చదివి వినిపింతురుగాక. ఎవరి యింటి చూరులోనైన సమను దోపబడి యున్నచో, దానిని నేడే తీసి తేదీ చూడుడు.